గాలిమోటరు దారిని నేసి కొలిచిన రామేశ్వరమ్మ

కర్నూలు నుంచి కడపకు ఎంత దూరమని ఆ రోజుల్లో ఎవరినైనా అడిగితే, ముందు మీ కాళ్ల వంక చూసేవాళ్లు. నడిచిపోయేవాడికి ఆరు రోజులు. ఎద్దులబండి ఎక్కినవాడికీ ఆరు రోజులే, కాకపోతే బండివాడితో గొడవపడటానికి ఇంకో పూట కలుపుకోవాలి. రైలంటే కర్నూల్లో చిన్నబండి ఎక్కి, ద్రోణాచలం మీదుగా గుంతకల్లు చేరి, అక్కడ పెద్దబండి కోసం మూటల మీద కూర్చుని పూటంతా ఆవలించాలి. ఇక యుద్ధం వచ్చాక పెట్రోలు దొరక్క బొగ్గు పొయ్యి వెనక తగిలించుకుని తిరిగే బస్సు ఒకటి ఉండేది. అది ఎప్పుడు చేరుతుందో డ్రైవరును అడిగితే అతను కోపగించుకునేవాడు.

ఈ దారులన్నీ రామేశ్వరమ్మకు కొట్టినపిండి. ఆమె పుట్టిల్లు కడప బయట ఒక సాలెపల్లె, మెట్టినిల్లు కర్నూలుకు క్రోసెడు దూరంలో ఇంకో సాలెపల్లె. పద్నాలుగో ఏట పెళ్లయి వచ్చింది. అప్పటి నుంచి ఇరవై నాలుగేళ్లలో ఆ దారిన నడిచింది, బండెక్కింది, రైలెక్కింది, ఒకసారి బొగ్గు బస్సు ఎక్కి మొహమంతా మసి పూసుకుని పుట్టింట్లో దిగితే, కన్నతల్లే గుర్తుపట్టక ఎవరమ్మా నువ్వు అని అడిగింది.

అయితే ఆమెకు అన్నిటికంటే దూరంగా తోచిన చోటు కడప కాదు. అది ఆమె ఇంట్లోనే, రాట్నానికి నాలుగడుగుల అవతల ఉండేది. మగ్గం గుంత.

చిన్నప్పుడు వాళ్ల నాయనకు చాలాకాలం మగపిల్లాడు పుట్టలేదు. చేతికింద మనిషి కావాలి కదా, కూతుర్నే గుంతలో దింపి నేత నేర్పాడు. తొక్కుడుచెక్కలకు కాళ్లు అందకపోతే చెక్కల మీద చెక్కలు కట్టాడు. తొమ్మిదేళ్లకే ఆ పిల్ల నేసిన గుడ్డను వెలుతురుకు పట్టుకుని చూసి, ఆయన ఏమీ అనకుండా మడిచి పెట్టేవాడు. ఏమీ అనలేదంటే తప్పేమీ దొరకలేదని. పదో ఏట తమ్ముడు శేషన్న పుట్టాడు. ఇంకో నాలుగేళ్లకు ఆమెకు పెళ్లయింది. అత్తగారు సుంకులమ్మ కొత్తకోడల్ని ఇంట్లోకి తీసుకుపోయి, రాట్నం చూపించి, ఇదీ నీ చోటు అంది. నాడెలో పెట్టే నూలు కండెలను ఆడవాళ్లు చుట్టాలి, ఆ నాడెను నిలువుపోగుల పడుగులో అటూ ఇటూ విసిరి మగవాళ్లు నెయ్యాలి. ఆడది గుంతలో దిగితే పడుగు తెగుతుందని ఆమె నమ్మకం. ఆమె పోయి ఇరవై ఏళ్లయినా ఆ మాట మాత్రం ఇంట్లోంచి పోలేదు. మొగుడు మద్దిలేటి దాన్ని జాగ్రత్తగా కాపాడుతూ వచ్చాడు.

మద్దిలేటి చెడ్డవాడు కాదు. మాటకారి, నవ్వుతాడు, నవ్విస్తాడు, పండగొస్తే పెళ్లాం నోట్లోనే మొదటి బొబ్బట్టు పెడతాడు. ఉన్నదల్లా ఒక్కటే లోటు, నేత సరిగ్గా రాదు. ఆ సంగతి ఊళ్లో అందరికీ తెలుసు, ఆయనకు తప్ప. రోజూ మధ్యాహ్నం బువ్వ తిని, ఎదురింటి మద్దయ్య అరుగు మీదికి పోయి, జర్మనీ వాడు ఎక్కడిదాకా వచ్చాడో అక్కడున్న వాళ్లకు వివరించేవాడు. ఆయన అటు పోగానే రామేశ్వరమ్మ తలుపుకు గడియ పెట్టి గుంతలో దిగేది. జానెడో బెత్తెడో నేసి మళ్లీ రాట్నం దగ్గరికొచ్చి కూర్చునేది. మద్దిలేటి తిరిగొచ్చి పెరిగిన గుడ్డను చూసి, పొద్దున తను అంత నేశాడన్నమాట అని తనను తానే మెచ్చుకునేవాడు.

గుట్టు బయటపడకూడదంటే ఆయన చెయ్యి ఎంత వదులో ఆమె కూడా అంత వదులుగా నెయ్యాలి. అదీ ఆమె బాధ. బాగా చేతనయిన పనిని కావాలని అంతంతమాత్రంగా చేయడం, అదీ ఇరవై ఏళ్లు, మనిషిని లోపల్లోపల తినేస్తుంది. తలుపు తీసి ఉంచి, పట్టపగలు, తన చెయ్యి తన చెయ్యిలా ఆడుతుండగా ఒక్క చీర నెయ్యాలి. ఆమెకు బతుకు మీదున్న ఆశంతా అదే. నగలు కాదు, నట్ర కాదు. అడిగితే నవ్వుతారని ఎవరితోనూ అనలేదు.

పంతొమ్మిది వందల నలభైమూడులో ఊరి తూర్పున ఉన్న బీడు భూమిని చదును చేసి, రాళ్లు ఏరి, సున్నంతో గీతలు గీసి, గాలిమోటరు దిగే బయలు చేశారు. కడప దగ్గర కూడా అలాంటిదే ఒకటి తయారైంది. అది రామేశ్వరమ్మ పుట్టింటికి కూతవేటు దూరం. ప్రతి గురువారం పొద్దున ఇక్కడి నుంచి రెండు రెక్కల మీద రెండు రెక్కలున్న చిన్న గాలిమోటరు ఉత్తరాల సంచులు వేసుకుని కడపకు పోయేది, మధ్యాహ్నం లోపల తిరిగి వచ్చేది. మొదటి వారం ఊరు ఊరంతా దడిచి ఇళ్లలో దూరింది. రెండో వారం అరుగుల మీదికొచ్చింది. మూడో వారానికి తప్పులు పట్టడం మొదలుపెట్టింది.

ఆ రోజుల్లోనే శేషన్న అక్కను చూడటానికి వచ్చాడు. గుంతకల్లులో సగం రోజు కాచుకుని వచ్చినవాడు, కాళ్లు కడుక్కోకముందే అన్నాడు.

"అక్కా, అదే గాలిమోటరు మా పల్లె మీద దిగుతాండాది. దాంట్లో ఎక్కింటే ఈ పాటికి తిని పండుకొనుందును."

మద్దిలేటి మీసం దువ్వుకున్నాడు. "ఏమప్పా శేషా, అంత తొందరగా ఎట్ల వస్తుందిరా? గాలిలో మాత్రం దారి లేదా? ఎర్రమల కొండలెక్కల్ల, దిగల్ల. నడమ ఇంజను కాలితే నీళ్లు పోసుకోవల్ల. నా లెక్కన పోను అరపూట పడుతుంది."

"నీళ్లు యాడ పోసుకుంటుంది బావా, మేఘాల్లోనా?"

"బొగ్గు బస్సుకే పదిచోట్ల పోస్తాండారు. దానికి వద్దా?"

"జానెడు గుడ్డ నేసేంత సేపు గూడా పట్టదు. పందెం!"

జానెడంటే చేయి తిరిగిన సాలెవాడికి పెద్ద సేపు కాదు, ఒక చుట్ట కాల్చి పారేసేంత. ఎదురరుగు మీద మద్దయ్య కూడా లేచి వచ్చాడు. పందెమైతే కట్టారు గానీ తేల్చేదెట్లా? ముగ్గురూ కలిసి బయలు దగ్గరికి పోయారు. అక్కడ గుడారంలో గోపన్న అనే గుమాస్తా ఉండేవాడు. వారానికి ఒక్క గంట పని, మిగతా కాలమంతా ఆ పని ఎంత గొప్పదో ఆలోచించుకోవడం.

"కడపకు ఎంత దూరం, ఎంతసేపు పడుతుంది?" అని మద్దిలేటి అడిగాడు.

గోపన్న లేచి గుడారం చుట్టూ ఒకసారి చూసి వచ్చాడు. "అడిగింది అడిగినావు, ఇంకోసారి అడగొద్దు. యుద్ధ రహస్యం. జపాను వాడికి తెలిసిందంటే ఏమయితాదో తెలుసునా?"

"జపాను వానికి కడపతో ఏం పనప్పా?"

"అదే రహస్యం" అన్నాడు గోపన్న.

ఊళ్లో ఎవరి దగ్గరా గడియారం లేదు. ఉన్నా లాభం లేదు. ఇక్కడ లేచింది చూసినవాడు అక్కడ దిగింది చూడలేడు, అక్కడ దిగింది చూసినవాడికి ఇక్కడ ఎప్పుడు లేచిందో తెలియదు. ముగ్గురూ ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని ఇదే తలపోటుతో సంగటి చల్లార్చుకుంటుంటే, పప్పు వడ్డిస్తున్న రామేశ్వరమ్మ అంది.

"దీనికింత ఆలోచన ఎందుకు? ఈడ గాలిమోటరు లేసినప్పటి నుంచి తిరిగొచ్చి దిగేదాకా మీ బావ నేస్తాడు. ఆడ అది దిగినప్పటి నుంచి మళ్లా లేసేదాకా నువ్వు నెయ్యి. ఇద్దరికీ ఒకే నూలు, పడుగుపోగులు దూర్చే అచ్చూ ఒకటే. తర్వాత రెండు గుడ్డలూ పక్కపక్కన పరిస్తే, ఈడ ఎక్కువ మిగిలింది ఎంతో అది పోనూ రానూ పట్టిన సేపు. దాన్ని సగానికి మడిస్తే ఒక దారి."

ముగ్గురు మగవాళ్లూ ముద్ద నోటి దగ్గర ఆపి చాలాసేపు ఆలోచించారు. మద్దయ్య వేళ్ల మీద ఏదో లెక్క వేసి ఔనన్నాడు. శేషన్న అక్క వైపు గర్వంగా చూశాడు. మద్దిలేటి మాత్రం, నేనూ అదే చెప్పబోతున్నా అన్నాడు.

జానెడుకు ఎక్కువయితే మద్దిలేటి గెలుపు, తక్కువయితే శేషన్న గెలుపు. నడుమ మగ్గం విడిచి లేచినవాడు ఓడినట్టే. సాలెవాళ్ల పెద్ద అయిన పెద్ద ఈరన్న తీర్పు చెప్పాలి. ఓడితే ఏం చేస్తావని అడిగితే, కడపదాకా నడిచిపోతానని శేషన్న అన్నాడు. మద్దిలేటికి పందెం జోరు తలకెక్కింది. బాగా నవ్వు పుట్టించే మాట ఒకటి వెతుక్కుని వెతుక్కుని, "నేను ఓడితే మీ అక్కను మగ్గం గుంతలో కూసోబెట్టి, నేను రాట్నం కాడ కండెలు చుడతా! సరేనా?" అన్నాడు.

మద్దయ్యకు నవ్వీ నవ్వీ పొలమారింది. శేషన్న నవ్వాడు. రామేశ్వరమ్మ నవ్వలేదు. గరిటె కింద పెట్టి, "అందరూ విన్నారు కదా" అని ఒక్క మాట అంది. ఆ క్షణం నుంచి ఆమెకు గాలిమోటరు ఎంత వేగంగా పోతే అంత మేలు.

నూలు చీటీల మీద దొరికే కాలం. ఉన్నదాన్ని సరిగ్గా సగం పంచుకుని శేషన్న ఇంటికి పోయాడు. పోతూ అక్క కళ్లలోకి ఒకసారి చూశాడు. ఒకే తల్లి కడుపున పుట్టినవాళ్లకు అన్నీ నోటితో చెప్పుకునే పని లేదు.

అనుకున్న గురువారం వచ్చింది. మద్దిలేటి తెల్లవారకముందే స్నానం చేసి, నుదుట బొట్టు పెట్టి, గుంతలో దిగి కూర్చున్నాడు. బయట ఊళ్లో జనమంతా బయలు వైపు పోతున్నారు. ఎండ ఇంటి గడప దాటేసరికి గుర్రుమని శబ్దం మొదలైంది. అది పెద్దదై, తలమీదుగా పోయింది. మద్దిలేటి నాడె విసిరాడు. నాలుగు పోగులు పడ్డాయి, పది పడ్డాయి. అప్పుడు గాలిమోటరు కడప దారి పట్టక ఊరి మీద ఒక చుట్టు తిరిగింది. బయట జనం ఓహో అని అరిచారు. మద్దయ్య పరుగెత్తుకుంటూ వాకిట్లోకి వచ్చాడు.

"మద్దిలేటీ! బయల్లో సుబ్బన్న ఎనుము అడ్డం వచ్చినందుకు గాలిమోటరు నడిపే దొర మీది నుంచి తిడతాండాడు! చెయ్యి బయటికి పెట్టి మరీ తిడతాండాడు!"

మద్దిలేటి కాళ్లు ఆగలేదు. జన్మంతా చెప్పుకోవలసిన వింత జరుగుతుంటే గుంతలో కూర్చుని పోగులు లెక్కపెట్టడం ఆయన వల్ల అయ్యే పనేనా? గుంతలోంచి ఒక్క గెంతు గెంతి, "ఏమే, ఒక్క గడియ చూసొస్తా. నువ్వు నేస్తుండు. ఎవరికీ చెప్పొద్దు" అంటూ గోచీ సర్దుకుంటూ పోయాడు.

పోయినవాడు ఒక్క గడియకు రాలేదు. బయల్లో ఎనుమును పట్టాలి, సుబ్బన్నకు బుద్ధి చెప్పాలి, గోపన్నను ఊరడించాలి, జరిగింది చూడనివాళ్లకు చూపించి చెప్పాలి. మళ్లీ గాలిమోటరు దిగేదాకా ఆయన అక్కడే ఉన్నాడు.

రామేశ్వరమ్మ గుంతలో కూర్చుంది. ఆయన పరుగులో తలుపు తెరిచే వదిలేశాడు. ఎండ వచ్చి పడుగు మీద పడింది. వాకిట్లో ఎవరూ లేరు, ఊరంతా బయలు దగ్గరే. ఆమె చేతిలోకి నాడె తీసుకుని కాసేపు ఊరికే కూర్చుంది.

గుడ్డ ఎంత తక్కువ నేస్తే తను అంత గెలిచినట్టు. చేతులు కట్టుకుని కూర్చున్నా చాలు. కానీ అది దొంగతనమని ఆమెకు తెలుసు, పైగా అంత సేపు మగ్గం మీద ఊరికే కూర్చోవడం ఆమె వల్ల కాని పని. ఆకలితో ఉన్నవాణ్ణి విస్తరి ముందు కూర్చోబెట్టి తినొద్దన్నట్టు ఉంటుంది. ఇంకొంచెం ఆలోచిస్తే పెదవి మీదికి చిన్న నవ్వు వచ్చింది. అడ్డంగా పేక పోగు పడిన ప్రతిసారీ దాన్ని ఒత్తే పలకను బిగించి కొడితే పోగులు ఒకదాన్నొకటి ఆనుకుని దగ్గరవుతాయి. గుడ్డ గట్టిగా వస్తుంది, పొట్టిగానూ వస్తుంది. ఎంత బాగా నేస్తే అంత తక్కువ పొడవు. మంచి పని చేయడాన్ని మోసమని ఎవరనగలరు?

ఇక చూసుకోండి. ఇరవై ఏళ్ల వదులు చెయ్యి ఆ పొద్దున ఒక్కసారి బిగిసింది. నాడె పోవడం, పలక కొట్టడం, కాలు మారడం, ఆ ఇంట్లో ఎన్నడూ వినపడని లెక్కలో నడిచాయి. కండె అయిపోతే తనే లేచి తెచ్చుకుని మళ్లీ దిగింది. పాట ఏదో నోట్లో వచ్చింది, అది వాళ్ల నాయన పాడేదని కొంతసేపటికి గానీ ఆమెకు తెలియలేదు. సంతోషంతో కళ్లు చెమర్చాయి. అంత సంతోషంలోనూ పలక దెబ్బ మాత్రం తగ్గించలేదు, ఎందుకంటే గెలవాలి కదా.

గాలిమోటరు తిరిగొచ్చి దిగిన శబ్దం వినగానే ఆమె పోగు ఆపి, గుర్తుకు ఎర్ర నూలు ఒకటి వేసి, రాట్నం దగ్గరికి పోయింది. మద్దిలేటి రొప్పుతూ వచ్చి గుడ్డ కొలిచాడు. మూడు మూరలు.

"ఇంతసేపూ ఇంతేనా? నేనైతే నాలుగు దాటించింటా!"

"పోనీ ఈరన్న మామకు నువ్వే చెప్పు, నేసింది నేనని" అందామె నూలు తీస్తూ.

 మగ్గం విడిచినవాడు ఓడినట్టేనన్న షరతు మద్దిలేటికి అప్పుడు గుర్తొచ్చింది.

వారం తర్వాత శేషన్న తన గుడ్డ చుట్టుకుని వచ్చాడు. పెద్ద ఈరన్న ఇంటి ముందు చాప వేశారు. ఆయనకు డెబ్బై దాటాయి, చూపు తగ్గింది గానీ వేళ్లకు తగ్గలేదు. ఆ చుట్టుపక్కల ఏ ఇంటి గుడ్డ ఏదో కళ్లు మూసుకుని తడిమి చెప్పేవాడు. ఊరి మగవాళ్లంతా చేరారు. ఆడవాళ్లు గోడవార నిలబడ్డారు. కర్నూలు గుడ్డ పరిచారు, పక్కన కడప గుడ్డ పరిచారు.



కడప గుడ్డే నాలుగు వేళ్లు పొడుగుంది.

మద్దయ్య మళ్లీ వేళ్ల మీద లెక్కపెట్టాడు. "అంటే, ఈడ లేసేదానికి ముందే ఆడ దిగినట్లు లెక్క తేలుతాండాది కదప్పా!"

"అంత వేగమనుకోలేదు నేను గూడా" అన్నాడు శేషన్న, మొహం చాలా అమాయకంగా పెట్టి.

 వీడు ఇంత గుడ్డి పని చేస్తాడని రామేశ్వరమ్మ అనుకోలేదు. అక్కడ కాలం తక్కువ, గుడ్డ పొడుగు రావాలని తమ్ముడు పోగుకూ పోగుకూ నడుమ చీమ దూరేంత సందు వదిలి ఉరికురికి నేశాడు. ఇక్కడ ఆమె బిగించింది. ఇద్దరి తెలివీ కలిసి గాలిమోటరును నిన్నటి దినానికి పంపేసింది.

పెద్ద ఈరన్న కడప గుడ్డ తడిమాడు. "ఇది జల్లించుకునేదానికి బాగుంటుంది, కట్టుకునేదానికి కాదు" అన్నాడు. జనం నవ్వారు. శేషన్న తల వంచుకున్నాడు. తర్వాత ముసలాయన కర్నూలు గుడ్డ మీద చెయ్యి వేశాడు. వేలు అక్కడే ఆగిపోయింది. మొదటి పది పోగులు దాటాక వేలు మళ్లీ మళ్లీ ముందుకూ వెనక్కూ పోయింది. గుడ్డను మొహం దగ్గరికి తెచ్చుకుని, వెలుతురుకు పట్టి, చాలాసేపు చూశాడు.

"మద్దిలేటీ, ఇది నువ్వు నేసిందేనా?"

అందరూ అటు తిరిగారు. ఇప్పుడు మద్దిలేటి ఏమనాలి? కాదంటే ఓడినట్టు, పైగా పందెమాడి పరుగెత్తినవాడన్న పేరు వస్తుంది. ముసలాయన గొంతులో వినబడుతున్నది మెప్పులా కూడా ఉంది. పుట్టి బుద్ధెరిగాక నేతలో ఒక్క మెప్పు ఎరగని మనిషి.

"నేనే నేసినా మామా" అన్నాడు మద్దిలేటి. బయల్లో ఆయన్ని చూసినవాళ్లంతా అక్కడే ఉన్నారు, కానీ కడపవాడి ముందు సొంత ఊరివాణ్ణి ఎవరు పట్టిస్తారు?

"నలభై ఏండ్లుగా మీ ఇంటి గుడ్డ చూస్తాండా. ఇట్లాంటిది ఇదే మొదలు. ఇంత బిగువు పలక పోటు నేను ఒక్కచోట చూసినా, శానా ఏండ్ల కింద, కడప పక్క ఒకాయన మగ్గం మీద." గోడవార నిలబడ్డ ఆడవాళ్ల వైపు ఆయన తల ఒక్క క్షణం తిరిగి, మళ్లీ గుడ్డ మీదికి వచ్చింది. "సరే, పొడుగు చూస్తే లాభం లేదు. పోగులు లెక్కపెట్టల్ల."

బొటనవేలి వెడల్పులో ఎన్ని పేక పోగులున్నాయో రెండు గుడ్డల్లోనూ లెక్కించారు. కడప గుడ్డలో ముప్పై ఎనిమిది వస్తే కర్నూలు గుడ్డలో అరవై నాలుగు వచ్చాయి. మద్దయ్య చింతగింజలు తెప్పించి, కుప్పలు పోసి, తప్పి, మళ్లీ పోసి, సాయంత్రానికి తేల్చాడు. మామూలు నేతకు మార్చి, మిగిలినదాన్ని సగం చేస్తే, ఒక దారికి మూరకు నాలుగు వేళ్లు తక్కువ. జానెడు ఎప్పుడో దాటిపోయింది. మద్దిలేటి గెలిచాడు.

జనం ఆయన వీపు చరిచారు. శేషన్న కడప దారి తలుచుకుని కాళ్లు పిసుక్కున్నాడు. రామేశ్వరమ్మ ఇంటివైపు నడవబోయింది. నేసింది తనేనని చెబితే గెలుపు తనదే, కానీ నలుగురిలో మొగుడి పరువు తీయడానికి మనసు రాలేదు. బాగా నేసినందుకే ఓడిపోయింది. ఇన్నేళ్లకు ఒక్క పొద్దు చెయ్యి బిగించి కొడితే ఆ బిగువే లెక్కకెక్కి తనను మళ్లీ రాట్నం దగ్గరికి తోసింది. ఆమెకు ఏడుపు వచ్చింది, ఏడవడానికి ఇంటిదాకా పోదామనుకుంది.

అప్పుడే పెద్ద ఈరన్న మళ్లీ నోరు తెరిచాడు. "ఆగండప్పా. మద్దిలేటీ, వచ్చే నెల నా మనవరాలి పెండ్లి. పెండ్లి చీర ఎవరికి చెప్పల్లనా అని చూస్తాండా. పద్దెనిమిది మూరలూ ఇదే చేతితో నేసియ్యి. ఇదే బిగువు, ఒక్క పోగు తగ్గొద్దు. తడిమి తీసుకుంటా."

మద్దిలేటి మొహంలో గెలుపు కొంచెం కొంచెంగా దిగిపోవడం అందరికంటే ముందు చూసింది ఆయన పెళ్లామే. ఆమె అడుగు ఆగింది. ఏడుపు ఎటు పోయిందో తెలియదు.

ఆ పూట ఇంట్లో మద్దిలేటి అన్నం తినలేదు. మరునాడు పొద్దున గుంతలో దిగి జానెడు నేశాడు, విప్పాడు. మళ్లీ నేశాడు, మళ్లీ విప్పాడు. ఎంత బిగించి కొట్టినా అంచు వంకర పోతోందే గానీ పోగు దగ్గర పడదు. రామేశ్వరమ్మ రాట్నం తిప్పుకుంటూ ఉంది. చివరికి ఆయనే గుంతలోంచి తల ఎత్తాడు.

"ఏమే, మధ్యానం తలుపేసుకోని, రోజూ ఇంత..."

రాట్నం ఆగింది. "రోజూ ఇంత అంటే? నీకు తెలుసునా?"

మద్దిలేటి గోడవైపు చూశాడు. "పొద్దున ఆపినకాడికీ సాయంత్రం ఉన్నకాడికీ పెరిగుంటుంది కదా. నేనేమన్నా గుడ్డివాణ్ణా?"

ఆమెకు కోపం రావాలో నవ్వు రావాలో తెలియలేదు. ఇరవై ఏళ్లు ఇద్దరూ ఒకరికి తెలియదని ఒకరు ఇంత జాగ్రత్త పడ్డారన్నమాట. కోపమే వచ్చింది. నిజంగా వచ్చింది.

"తలుపేసుకోని నెయ్యను" అంది. "తలుపు తీసి నేస్తా. పట్టపగలు నేస్తా. ఇంగ నీ చెయ్యిలాగా వదులుగా నేసేది లేదు. నా చెయ్యి నాదే. ఇష్టముంటే చెప్పు, లేకుంటే పోయి ఈరన్న మామకు నిజం చెప్పుకో."

"ఊరేమంటాది?"

"గెలిచినోనివి కదా. ఏదో ఒకటి చెప్పుకో."

చెప్పుకోవడంలో మద్దిలేటికి ఎదురులేదు. ఎదురరుగు మీదికి పోయి, పందెమైతే తనే గెలిచాడు గానీ, పాపం ఆడది ఆశపడింది, బామ్మర్ది కూడా ఓడి నడిచిపోతున్నాడు, గెలిచినవాడు కాస్త పెద్దమనసు చేసుకోవాలి కదా, అందుకే తనంతట తనే గుంత వదిలి ఇచ్చానని, మద్దయ్య కళ్లలో నీళ్లు తిరిగేలా చెప్పి వచ్చాడు. రామేశ్వరమ్మ గుంతలో దిగింది. పడుగు తెగలేదు.

యుద్ధం అయిపోయాక, బయల్లో మేకలు మేస్తున్న రోజుల్లో, గోపన్న ఒకసారి చీర కొనడానికి ఆ ఇంటికొచ్చి, ఇంక రహస్యం లేదు కాబట్టి చెప్పేశాడు. గాలిలో నూట ఏడు మైళ్లు, గంటకు ఐదు నిమిషాలు తక్కువ. రామేశ్వరమ్మ విని, అంతసేపంటే ఒక మూరేనని తల పంకించింది. తమ్ముడి చెయ్యి ఉరికింది గానీ లేకుంటే లెక్క మూరకు సరిగ్గా వచ్చేదని అంది. నీళ్లు ఎక్కడ పోసుకునేదో మాత్రం మద్దిలేటి అడగకుండా ఉండలేకపోయాడు.

కానీ అదంతా తర్వాతి మాట. తీర్పయిన మూడోనాడు పొద్దున శేషన్న సద్ది మూట భుజాన వేసుకుని, నంద్యాల దారి పట్టడానికి అక్కకు చెప్పిపోదామని వాకిట్లోకి వచ్చాడు. తలుపు బార్లా తెరిచి ఉంది. దారిన పోయే నలుగురు ఆగి లోపలికి చూస్తున్నారు. మగ్గం మీద అక్క, రాట్నం ముందు బావ. బావ మోకాళ్ల మీద నూలు చిక్కుపడి ఉంది, ఒక కండె చుట్టి రెండు పాడుచేసినట్టున్నాడు.

శేషన్న చాలాసేపు చూసి అడిగాడు. "బావా, పందెం గెలిచింది నువ్వే కదా?"

"ఔనప్పా" అన్నాడు మద్దిలేటి తల ఎత్తకుండా. "నేనే గెలిచినా."

"కండె అయిపోయింది" అంది రామేశ్వరమ్మ గుంతలోంచి చెయ్యి చాపి. "తొందరగా ఇయ్యి."

మద్దిలేటి ఇచ్చాడు. అది వదులుగా చుట్టి ఉందని ఆమె తిప్పి పంపింది.